డ్రమ్‌లిస్క్ పెట్టెలో ఒక కాగితం

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. వాన వెలిసి పదకొండు నిమిషాలయింది. గాలి పడమటి నుంచి, ఉష్ణోగ్రత ఆరు డిగ్రీలు. ఓట్లు లెక్కపెడుతున్న వ్యాయామశాల పైకప్పు రేకుల మీద ఇంకా అక్కడొక చుక్క ఇక్కడొక చుక్క రాలుతోంది. గడియారం నాది, డిగ్రీలు గుమ్మం పక్కన ఈతకొలను వారు తగిలించిన పలక మీదివి. ఈ సంగతులలో నాకు సందేహం లేదు. నాలుగు గంటలకు రిటర్నింగ్ అధికారి ల్యాలీ మళ్ళీ ఈ బల్ల దగ్గరికి వచ్చి ఒక ప్రశ్న అడుగుతాడు, దానికి నేను ఒక్క మాటలో జవాబు చెప్పాలి. మా తమ్ముడు జార్లత్ టోహర్ ఇరవై రెండేళ్ళ రాజకీయ జీవితం ఆ మాటతో నిలుస్తుంది, లేదా ముగుస్తుంది. ప్రశ్న చిన్నదే. ఓట్లన్నీ రెండోసారి లెక్కపెడుతుండగా, డ్రమ్‌లిస్క్ బడిలోని ఓట్ల పెట్టెలోంచి వచ్చిన ఒక కాగితం మీద పోలింగు ముద్ర సరిగా పడలేదని గుమాస్తా ఒకమ్మాయి కనిపెట్టింది. అంచున ఏదో నొక్కు ఉన్నట్టుంది, లేనట్టూ ఉంది. ముద్ర లేని కాగితం చెల్లదు. ఈ కాగితం చెల్లితే చివరి సీటు ఒక్క ఓటు ఆధిక్యంతో నర్సు సోర్హా ఫీనీది. చెల్లకపోతే ఇద్దరూ సమానం. సమానమైతే, ఓటర్లు ఇష్ట క్రమంలో వేసే అంకెలలో ఒకటి మాత్రమే కలిపే మొదటి లెక్కలో ఎవరికి ఎక్కువ వచ్చాయో వారిదే సీటని చట్టం, మొదటి లెక్కలో ఎక్కువ వచ్చినది జార్లత్‌కు. "మీరు అభ్యంతరం చెబితే తీసేస్తాను, మిస్ టోహర్. ఇద్దరు ఏజెంట్లూ ఒప్పుకుంటే ఉంచుతాను. మీ అభ్యర్థితో మాట్లాడుకోండి, నాలుగింటి దాకా ఆగుతాను" అన్నాడు ల్యాలీ, అంటూ ఆ కాగితాన్ని దీపం కేసి ఎత్తి పట్టుకున్నాడు. అప్పుడు చూశాను. పైనుంచి నాలుగో పేరు ఫీనీ ఎదురుగా ఒకటి. అట్టడుగున టోహర్ ఎదురుగా రెండు. ఆ రెండు నా చేతి రెండు. ఆ కాగితం నాది.

ముప్ఫై ఆరేళ్ళు కాన్వెంటు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, సాక్ష్యం లేనిదే నిర్ధారణకు రాకూడదు. కనుక సాక్ష్యం చూడాలి. ఆ రెండు అంకె తోక చివర మెలిక ఉంది, నీళ్ళలోకి వంగిన కొంగ మెడలాగా. నువ్వు అంకె వేసినా పక్షి వచ్చి వాలుతుందే అట్రాక్టా, అనేది డింప్నా, సంగీతం టీచరు, ముప్ఫై ఒక్క సంవత్సరాలు నేనూ ఆమే ఒకే ఇంట్లో ఉన్నాం. ఇప్పుడు ఆమె మాట ఎందుకు వచ్చింది, సాక్ష్యం చూస్తున్నాను కదా. మెలిక సంగతి. ఈ నియోజకవర్గంలో సగం మంది ఆడవాళ్ళకు రెండు వేయడం నేర్పింది నేనే, కాబట్టి ఆ మెలిక వారిలో ఎవరిదైనా కావచ్చు. కాగితం నాలుగు మడతలు పెట్టి ఉంది, మడత మడత మీదా గోరు నడిపిన గీత ఉంది. గోరు నడిపే అలవాటు నాది. ఇంకెవరికీ ఉండదా? ఉండవచ్చు. నేను ఓటు వేసింది డ్రమ్‌లిస్క్ బడిలోనే, కానీ అక్కడ నాలుగు వందల పన్నెండు మంది వేశారు. విడివిడిగా చూస్తే ఒక్కొక్క సాక్ష్యం బలహీనం, మూడూ కలిస్తే మాత్రం తప్పించుకోవడానికి దారి లేదు. గోడ అవతల ఈతకొలనులో పిల్లలకు పాఠం జరుగుతోంది. ఈల మోగుతుంది, నీళ్ళలో ధబ్బున చప్పుడు, మళ్ళీ ఈల. ఆ నీళ్ళ మందు వాసన ఇక్కడి తడి కోట్ల వాసనతో కలిసి, నా చేతిలోని శాండ్‌విచ్‌లో పంది మాంసం కూడా కొలను రుచే వస్తోంది. దీన్ని ఎప్పుడు చేతిలోకి తీసుకున్నానో గుర్తు లేదు.

"టీచరమ్మా, ఇందులో ఆలోచించేదేముంది?" అంటున్నాడు మోసీ క్రోహన్. పాల లారీ నడిపి మానుకున్నవాడు. ఇరవై రెండేళ్ళుగా ప్రతి లెక్కింపులోనూ నా పక్కన ఇదే ఇనుప కటకటాల మీద వాలి, గుమాస్తాలు కాగితాలు విప్పుతూ ఉంటే ఎవరికెన్ని పడ్డాయో గీతలు పెట్టేవాడు. "ముద్ర లేదు, ఓటు లేదు. చెవి బిళ్ళ లేని దూడని సంతలో అమ్మనిస్తారా?"

"అంచున నొక్కు ఉంది మోసీ."

"నొక్కా! ఈగ వాలి లేచినంత కూడా లేదు. మీ కళ్ళజోడు తుడుచుకోండి." టోపీ తీసి తల గోక్కుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇదంతా ఆ 'సేఫ్' అన్న మాట తెచ్చిన చేటు. ఎవరు పుట్టించారో గానీ వాళ్ళ నాలిక మీద వాత పెట్టాలి. మా చెల్లెలే, నా సొంత చెల్లెలు, ఏమందో తెలుసా? జార్లత్ ఎలాగూ సేఫే కదా అన్నయ్యా, ఆ నర్సు పిల్లకి ఒకటేశాను, అంది. పీక పిసకాలనిపించింది."

"ఆమెకెవరు చెప్పారట?"

"చర్చి గేటు దగ్గర అందరూ అనుకుంటున్నారంట. పైగా ఆ మార్టీ డోలన్! తొంభై ఒక్కేళ్ళు ఆగినవాడు ఇంకొక్కరోజు ఆగలేడూ? గురువారం చచ్చాడు. శుక్రవారం ఓటేసి పోతే ఎవరొద్దన్నారు?"

చర్చి గేటు దగ్గర చెప్పింది నేను. పోలింగుకు ముందు ఆదివారం, పూజ అయ్యాక, పన్నెండు గంటల పది నిమిషాలకు, ముగ్గురు ఆడవాళ్ళు అడిగితే. మా వైపు అభ్యర్థిని చంపాలంటే తిట్టనక్కరలేదు, సేఫ్ అంటే చాలు. అది అందరికీ తెలుసు, నాకు అందరికన్నా ఎక్కువ తెలుసు, ఇరవై రెండేళ్ళలో ఆ మాట ఎవరి నోట వచ్చినా వారి నోరు మూయించినదాన్ని. మరి ఎందుకు చెప్పాను? నా పట్టిక అలా చెప్పింది కనుక. కిందటి మూడు ఎన్నికల అంకెలు పెట్టెపెట్టెకూ వేసుకుని, ఇంటింటికీ తిరిగినవారు తెచ్చిన మాటలలో నాలుగో వంతు అబద్ధమని తీసేసి లెక్కకట్టాను: తొమ్మిది వందల ఓట్లు మిగులు. లెక్క అలా వచ్చింది కాబట్టి చెప్పాను. లేదా చెప్పాలని ఉండి లెక్కను అలా రానిచ్చానా? నాలుగో వంతు ఎందుకు తీశాను, కిందటిసారి మూడో వంతు తీశానే. మూడో వంతు తీసి ఉంటే మిగులు ఉండేది కాదు, మిగులు లేకపోతే సేఫ్ అనేదాన్ని కాదు, సేఫ్ కాకపోతే పెన్సిలు పట్టుకున్న నా చెయ్యి నాలుగో పేరు దగ్గర ఆగేది కాదు. నాలుగో వంతు అని రాసిన రోజు ఏమి జరిగింది? ఏమీ జరగలేదు. మంగళవారం. చలిమంటలో ఎండబెట్టిన పీటు మట్టి గడ్డలు వేశాను, పియానో మీద దుమ్ము తుడిచాను. ఆ పియానో డింప్నాది.

శుక్రవారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి బడిలోకి వెళ్ళాను, గొడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ప్యాకీ లోహన్ బల్ల వెనుక కూర్చుని ఉన్నాడు, ఒకప్పుడు నా దగ్గర భిన్నాలు రాక ఏడ్చినవాడు, ఇప్పుడు మనుమలున్నవాడు. ఆరు గంటలకు లేచి పెట్టెకు సీలు వేసిన నిద్రమొహం. "ఏం మిస్, ఈసారి మీవాడు సేఫేనంట కదా?" అన్నాడు నా మొహం చూస్తూ, చెయ్యి దాని మానాన అది ముద్ర యంత్రం పిడి మీద ఉంది. "సేఫే ప్యాకీ" అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వులోనే పిడి పడింది, టక్‌మని చప్పుడయింది. అయిందా? చప్పుడు నాకు వినిపించిందా, వినిపించి ఉండాలి కాబట్టి ఇప్పుడు వినిపిస్తోందా? నేను ఆ మాట అనకపోతే అతను నా మొహం కాక కాగితం చూసేవాడు. ఒకే మాట: అది అతని చేతిని పక్కకు జరిపింది, నా చేతిని పైకి జరిపింది. తెర వెనుక దారానికి కట్టిన పెన్సిలు. పద్నాలుగు పేర్లు, అక్షర క్రమంలో. ఎప్పుడూ నేను కింద నుంచి చదువుతాను, టోహర్ అట్టడుగున ఉంటాడు కనుక. ఆ రోజు పైనుంచి చదివాను. సోర్హాకు ఒకటి వేశాను, జార్లత్‌కు రెండు. తక్కువ ఓట్లవారిని ఒక్కొక్కరినే తప్పిస్తూ పోయే లెక్క కదా, సోర్హా నాలుగైదు లెక్కలలో తప్పుకుంటుంది, తప్పుకున్నాక నా కాగితం ఆ రెండు అంకె పట్టుకుని, సాయంకాలం పాలకు వచ్చే ఆవులా, మా తమ్ముడి దగ్గరికి దానంతట అదే నడిచి వస్తుంది. నేను ఎవరికీ ద్రోహం చేసినట్టు కాదు, ఒక మాట చెప్పినట్టు మాత్రమే. ఎవరితో చెప్పినట్టు? సోర్హా తప్పుకోలేదు. పదకొండో లెక్క దాకా నిలబడింది. ఆవు ఇంటికి రాలేదు.

ఎక్కడ మొదలయింది ఇది? కారణం వెనుక కారణం వెతుక్కుంటూ పోతే ఏదో ఒక గడప దగ్గర ఆగాలి, అలా ఆగకపోతే చరిత్ర రాయలేమని గాల్వే విశ్వవిద్యాలయంలో మా ఆచార్యుడు అనేవాడు. నేను మొదట చదివింది చరిత్రే, లెక్కలకు తరువాత మారాను, చరిత్రలో అంకెలు తేలవు గనుక. జార్లత్ ఆవులకు ఎద సూది వేసే ఉద్యోగంలో పందొమ్మిదేళ్ళు జిల్లా అంతా తిరిగాడు. కారెక్కి వచ్చే ఎద్దు అని పిలిచేవారు అతన్ని, ఎదుటే పిలిచేవారు, నవ్వేవాడు. ప్రతి దొడ్డీ తెలుసు, ప్రతి కుక్కా తెలుసు. ఆవు పని అయ్యాక చేతులు కడుక్కుంటూ ఉంటే రైతు నసుగుతూ అడిగేవాడు: మా అమ్మ పింఛను కాగితం తిరిగి వచ్చింది, ఈ కాలువ తవ్వడానికి ఎవరికి రాయాలి, మా వాడికి పాస్‌పోర్టు. "చూస్తాన్లే" అనేవాడు జార్లత్, సూది రసీదు వెనుక రాసుకునేవాడు. సాయంకాలం ఆ రసీదులు నా వంటింటి బల్ల మీద పడేవి. అయ్యే పనికి ఉత్తరం అతని పేరుతో వెళ్ళేది. కాని పనికి, కాదు అని రాసేదాన్ని నేను. సంతకం కూడా చాలాసార్లు నేనే పెట్టేదాన్ని, ఎందుకంటే కాదు అన్న అక్షరాలు చూడగానే అతను కలం పక్కన పెట్టేసేవాడు. పెద్ద పార్టీ వారు టికెట్టు వేలంపాటల వ్యాపారి మేనల్లుడికి ఇచ్చిన రాత్రి జార్లత్ ఇంటికి వచ్చేద్దామనే బయలుదేరాడు. పార్టీ సమావేశం జరిగిన హోటలు ముందు కార్ల దగ్గర ముప్ఫై మంది చుట్టుముట్టి, నిలబడు జార్లత్, మేమున్నాం, అన్నారు. కాదనలేకపోయాడు. పత్రికలు స్వతంత్రుడు అని రాశాయి, ధైర్యవంతుడని రాశాయి. ఎవరి నుంచి స్వతంత్రం? ముప్ఫై మందికి కాదని చెప్పలేనివాడు ఒక్క పార్టీకి కాదన్నాడు, అంతే. ఇది నేను ఎవరితోనూ అనలేదు. డింప్నాతో అన్నాను. "అతను చెప్పలేని కాదులన్నీ నీ దగ్గర పోగుపడ్డాయి, అట్రాక్టా, అందుకే నీకు నడుము నొప్పి" అంది.

మూడోసారి గెలిచినప్పుడు డబ్లిన్‌లో ఎవరికీ బలం చాలలేదు, డాయిల్ పార్లమెంటు సభలో మా జార్లత్ చెయ్యి ఎత్తితే ప్రభుత్వం ఉంటుంది, దించితే పోతుంది. అతను అడిగింది ఒకటే, మా పట్టణం ఆసుపత్రిలో ఎమర్జెన్సీ వార్డు మూయకూడదని. మంత్రి టైపు చేయించిన ఉత్తరం ఇచ్చాడు. ఆ ఉత్తరం ప్లాస్టిక్ కవరులో కారు ముందు అరలో ఉండేది, చావు ఇళ్ళకు వెళ్ళినప్పుడు తీసి చూపించేవాడు. పద్నాలుగు నెలలకు వార్డు మూశారు, తాత్కాలికంగా అన్నారు. చెయ్యి దించుతావా అని అడిగాను. మంత్రి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడక్కా అన్నాడు. దించితే వంతెన పోతుంది, డ్రమ్‌లిస్క్ బడికి కొత్త గది పోతుంది, ఎంతమందికి మాట ఇచ్చాను అన్నాడు. దించలేదు. వంతెన వచ్చింది, మంచి వంతెన, దానికి పేరు పెట్టలేదు గానీ అందరూ ఎద్దు వంతెన అంటారు. ఆ తరువాత మార్చి నెల, గురువారం, రాత్రి తొమ్మిదీ పదికి డింప్నా పియానో మూత వేసి, గుండెల మీద చెయ్యి పెట్టుకుని, ఇదేమిటి ఇలా ఉంది అంది. మూసిన వార్డు మా ఇంటికి పదకొండు నిమిషాల దూరం. అంబులెన్సు తొమ్మిదీ ఇరవై రెండుకు వచ్చి, పట్నం ఆసుపత్రికి బయలుదేరింది. కొత్త వంతెన మీదుగానే వెళ్ళింది. వంతెన వల్ల నాలుగు నిమిషాలు కలిసివచ్చాయి. ఇది తమ్ముడు చేసిన మేలు, ఇది తమ్ముడు చేసిన కీడు, రెండూ ఒకే అంబులెన్సులో ఉన్నాయి. ఒకదానిలోంచి ఇంకొకటి తీసేస్తే ఏమి మిగులుతుందో నేను చాలాసార్లు వేసి చూశాను, ప్రతిసారీ వేరే జవాబు వచ్చింది. లెక్కలో అలా జరగకూడదు.

ఈల. ధబ్బు. మూడూ ముప్ఫై నాలుగు. ఎదురుగా కాగితం కప్పు ఒకటి పొగలు కక్కుతూ వచ్చి ఆగింది, దాని వెనుక సోర్హా ఫీనీ, ముప్ఫై నాలుగేళ్ళది, నిద్ర లేక కళ్ళ కింద నీలం.

"చక్కెర వేయలేదు మిస్. మీరు వేసుకోరు కదా."

"నీకు గుర్తుందా?"

"గుర్తుండదా? హోంవర్కు చేయనప్పుడల్లా స్టాఫ్ రూముకి టీ మోయించేవారు. అందుకే లెక్కలు రాలేదు, టీ బాగా వచ్చింది." నవ్వబోయి ఆపుకుంది. మోసీ అటు తిరిగి పైకప్పు పరీక్షిస్తున్నాడు. గొంతు తగ్గించింది. "మిస్, మీరు అభ్యంతరం చెప్పండి. నాకోసం మొహమాటపడకండి. అది మీ పని. నేనైనా అదే చేసేదాన్ని."

"నీకు గెలవాలని లేదా?"

"ఉంది మిస్. చచ్చేంత ఉంది. కానీ మీరు నన్ను చూసి ఊరుకున్నారని రేపు ఎవరైనా అంటే నాకు బాగుండదు, మీకూ బాగుండదు. రేపు డ్యూటీ వేయించుకునే వచ్చాను, ఎందుకైనా మంచిదని."

ఆ రాత్రి అంబులెన్సులోంచి డింప్నాను దించుకున్నది ఈ పిల్లే. వార్డు మూశాక పట్నానికి బదిలీ అయిన నర్సులలో ఒకతె, ఆ రోజు డ్యూటీలో ఉంది. అందరూ నాతో, బాధ తెలియకుండా పోయింది, దేవుడి దయ, అన్నారు. ఫాదర్ అన్నాడు, జార్లత్ అన్నాడు, జార్లత్ నా చేతులు పట్టుకుని ఏడ్చాడు కూడా, నిజంగానే ఏడ్చాడు. సోర్హా ఒక్కతే, చావుకు మా ఇంటికి వచ్చి, వంటింట్లో కప్పులు కడుగుతూ, తిరిగి చూడకుండా చెప్పింది: "పదీ ముప్ఫై ఒకటికి తలుపు దగ్గరికి వచ్చారు మిస్. అప్పటికే ఆమె పోయి పది నిమిషాలైంది. మీకు టైము కావాలి కదా అని రాసి పెట్టుకున్నా." మడిచిన చీటీ ఇచ్చింది. ఆ చీటీ ఇప్పటికీ నా పర్సులో ఉంది. అందుకు వేశానా ఒకటి? ఒక అంకె ఇచ్చింది కాబట్టి ఒక అంకె తిరిగి ఇచ్చానా? లేక వార్డు మళ్ళీ తెరిపిస్తానని నిలబడినందుకా, లేక తమ్ముడికి వినపడేలా, అతనికి ఎప్పటికీ వినపడనిచోట, జీవితంలో ఒక్కసారి అతనికే కాదు అని చెప్పడానికా? ఏది ముందు? టీ వేడిగా ఉంది. బాగా పెట్టింది. సోర్హా వెళ్ళిపోయింది, ఎప్పుడు వెళ్ళిందో చూడలేదు.

ఏజెంటుగా నా ధర్మం అభ్యంతరం చెప్పడం. సంతకం పెట్టి ఒప్పుకున్న ధర్మం. ముద్ర కనపడటం లేదంటే అబద్ధం కాదు, సరిగా కనపడటం లేదు కదా. కానీ ఆ కాగితం దొంగది కాదని, ఒక ఓటరు కళ్ళ ఎదుట బల్ల మీద పిడి పడిందని తెలిసినది ప్రపంచంలో ప్యాకీకి, నాకు మాత్రమే, అందులోనూ ప్యాకీ చూడలేదు. నేను నా ఓటునే చెల్లదంటే తమ్ముడికి న్యాయం, నా చేతికి అన్యాయం. చెల్లుతుందంటే తిరగేసి చదువుకోవాలి. పోనీ లేచి, అది నా కాగితం, దీనిమీద మాట్లాడటానికి నేను తగను అంటే? ఓటు రహస్యం, పైగా మోసీ ఇక్కడే ఉన్నాడు, జార్లత్‌కు చెప్పకుండా అతని గొంతు ఆగదు. అన్ని దారులూ ఒకే గడప దగ్గర కలుస్తున్నాయి, ఆ గడప మీద నేనే కూర్చుని ఉన్నాను. డింప్నా ఉంటే ఏమనేది? నీకు ఆకలిగా ఉంది, ముందు ఆ శాండ్‌విచ్ తిను అనేది. తిన్నాను. కొలను రుచి.

మూడూ యాభై ఒకటికి ఫోను మోగింది. జార్లత్. మార్టీ డోలన్‌ను పూడ్చిపెడుతున్న చోటి నుంచి. ఓట్లు మళ్ళీ లెక్కపెడుతుంటే చావుకు వెళ్ళేవాడు మా జిల్లాలో ఇంకొకడు లేడు.

"అక్కా, చెప్పు. గట్టిగా మాట్లాడకు, ఫాదర్ ఇంకా జపమాల చెప్తున్నాడు."

"ఒక కాగితం, జార్లత్. ముద్ర సరిగా పడలేదు. అది తీసేస్తే సీటు నీది."

"ఏ పెట్టె?"

"డ్రమ్‌లిస్క్."

"మన పెట్టే!" గాలి హోరులో సన్నగా నవ్వాడు. "అయితే మనవాళ్ళే ఆ పిల్లకి వేశారన్నమాట. రెండెవరికి?"

"నీకు."

గాలి వెనుక ఆడవాళ్ళ గొంతులు, మరియమ్మా మాకోసం ప్రార్థించు, ఇప్పుడూ మా మరణ సమయమందూ. "ఎవరో పాపం, అక్కా" అన్నాడు. "శుక్రవారం ఎంత వాన. ఆ వానలో వచ్చి, ఆ పిల్లకొకటేసి, నన్ను మర్చిపోకుండా నాకు రెండేసి పోయారు. ప్యాకీగాడు నిద్రమొహంతో నొక్కకపోతే వాళ్ళదా తప్పు? రేపు ఎక్కడో రోడ్డు మీద ఎదురైతే మొహం ఎలా చూడను?"

"ఎవరో నీకు తెలియదు కదా."

"అందుకేగా. ఎవరైనా కావచ్చు."

"అయితే అభ్యంతరం వద్దంటావా?"

"నేను వద్దనడంలేదు. కావాలనీ అనడంలేదు. నువ్వే చూడు అక్కా. లెక్కలు నీకు తెలుసు." ఇంకెవరితోనో, నాతో కాదు, ఆ గొంతే ఇంకా మెత్తగా: "వస్తున్నా బ్రిజీ, మీ నాన్న ఎంత గొప్పవాడు, అబ్బా, ఎంత గొప్పవాడు." ఫోను ఆగిపోయింది.

ఇది మంచితనమా? ఇరవై రెండేళ్ళు ఈ ప్రశ్నకు నేను జవాబు వెతికాను, ఇప్పుడు తొమ్మిది నిమిషాలున్నాయి. ఎవరో తెలియని ఓటరుకు కాదని చెప్పలేనివాడు, మంత్రికి కాదని చెప్పలేనివాడు, ఇద్దరూ ఒకడే, ఒకటే నీరు. శుక్రవారం నేను ఆ నీటినుంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాను, ఆదివారం అదే నీరు నా కాళ్ళు కడుగుతోంది. అతనికి తెలిసి ఉంటే ఇలా అనేవాడా? అనేవాడే అనిపిస్తుంది. అది మరీ కష్టం. శుక్రవారం నేను రెండో స్థానంలో పెట్టిన మనిషి వేరు, ఇప్పుడు శ్మశానంలో నిలబడి నా కాగితాన్ని వెనకేసుకొచ్చిన మనిషి వేరు. కాదు, వేరు కాదు, అదే మనిషి, అదే కోటు, కారు అరలో అదే ఉత్తరం. చివరికి ఈ కాదు కూడా నా వంటింటి బల్ల మీదికే వచ్చింది. కింద సంతకం ఖాళీగా ఉంది.

నాలుగు గంటలు. ల్యాలీ గంట కొట్టినట్టే వచ్చాడు. కాగితాన్ని బల్ల మధ్యలో పెట్టి, రెండు వేళ్ళతో సమంగా జరిపాడు. సోర్హా ఏజెంటు, పోస్టు పంచే అబ్బాయి, అభ్యంతరం లేదన్నాడు, వాడికేం. కటకటాల వెంట జనం ముందుకు వంగారు. వ్యాయామశాల నేల మీది పసుపు గీతలు, ఎర్ర గీతలు, ఏ ఆటకు ఏ గీతో నాకు ఎప్పుడూ తెలియలేదు. మోసీ ఊపిరి నా చెవి పక్కన. కొంగ మెడ వంచి చూస్తోంది.

"మిస్ టోహర్. అభ్యంతరం ఉందా?"

నోరు తెరిచేదాకా నేను నిర్ణయించుకోలేదు. ఇది వాస్తవం, రాసి పెడుతున్నాను. గోడ అవతల ఈల మోగింది.

"లేదు" అన్న గొంతు నాది. "ముద్ర ఉంది. అంచున ఉంది. నాకు కనిపిస్తోంది."

కనిపించిందా? కళ్ళజోడు టీ ఆవిరికి మసకబారి ఉంది, తుడుచుకోలేదు. ఉందని తెలుసు కాబట్టి కనిపించి ఉండవచ్చు. మోసీ టోపీ తీశాడు, చావు దగ్గర తీసినట్టు. సోర్హా అరచేత్తో నోరు మూసుకుని నిలబడిపోయింది. ఎవరో మొదట చప్పట్లు కొట్టారు, తరువాత అందరూ కొట్టారు, ఆ మోతలో నాకు పిడి చప్పుడు వినిపించింది, టక్‌మని, స్పష్టంగా, శుక్రవారానిది.

జార్లత్ నాలుగూ నలభైకి బూట్లనిండా శ్మశానం మట్టితో వచ్చి, ముందు సోర్హా చెయ్యి, తరువాత ఆమె తల్లి చెయ్యి, తరువాత గుమాస్తాల అందరి చేతులూ కలిపి, చివరికి నా దగ్గరికి వచ్చాడు. "పోనీలే అక్కా, ఆ ఓటు వేసిందెవరో ఈ రాత్రి హాయిగా నిద్రపోతారు" అన్నాడు.

ఓటు కాగితాలను చట్టప్రకారం ఆరు నెలల తరువాత నాశనం చేశారు. జార్లత్ మళ్ళీ పోటీ చేయలేదు, చావులకు వెళ్ళడం మానలేదు. ఏడేళ్ళ తరువాత, సోర్హా రెండోసారి గెలిచి డాయిల్‌లో ఉండగా, ఎమర్జెన్సీ వార్డు మళ్ళీ తెరిచారు. తలుపు మీద వేళలు రాశారు: ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకు. డింప్నా పియానో మూత వేసింది తొమ్మిదీ పదికి.